అచ్చు వేసినంత మాత్రాన నకలు కాదు

1877లో సోఫీ అనే పదిహేనేళ్ల అమ్మాయి క్షయతో చనిపోయింది. ఆమె తమ్ముడు ఎడ్వర్డ్ మంక్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందే ఆ పిల్లల తల్లినీ అదే జబ్బు పొట్టన పెట్టుకుంది. పెద్దయ్యాక నార్వే గర్వించే చిత్రకారుడైన మంక్, అక్క చివరి రోజుల్ని 1885లో కాన్వాసు మీద పెట్టడం మొదలుపెట్టాడు. ‘జబ్బుపడిన పిల్ల’ అన్నది ఆ చిత్రం పేరు. తర్వాత నలభై ఏళ్ల పాటు దాన్ని వదల్లేదు. తైలవర్ణాల్లోనే ఆరుసార్లు వేశాడు. అది చాలక 1894లో రాగిరేకు మీద, 1896లో రాతి మీద మళ్లీ గీసి కాగితాల మీద అచ్చు తీయించాడు. ఇన్ని రూపాల్లో ఉన్న ఈ బొమ్మలో అసలు ఏది, నకలు ఏది? కాన్వాసు మీద ఉన్నది అసలు, కాగితం మీద ఉన్నది నకలు అని మన దగ్గర చాలామంది ఠక్కున చెప్పేస్తారు. ఆ జవాబు తప్పు. మనిషి లోపలి బాధను ముఖంలో చూపించే కళకు ప్రింటు రెండో తరగతి రూపం కాదు. చాలా సందర్భాల్లో ఆ కళ పరిపూర్ణంగా పండింది ప్రింటులోనే. ఈ సంగతి గుర్తించకపోవడం వల్ల చిత్రకారులూ నష్టపోతున్నారు, బొమ్మలు కొనుక్కునే మామూలు మనుషులూ మోసపోతున్నారు.

ప్రింటు మీద ఈ చిన్నచూపు ఎందుకొచ్చిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్రింటు అనగానే మనకు గోడమీది క్యాలెండరు, ఫ్రేములు కట్టే షాపులో దొరికే దేవుడి పటం, లాడ్జి గదిలో మంచం పైన వేలాడే పూలకుండీ గుర్తొస్తాయి. ఎక్కడో ఉన్న ఒక చిత్రాన్ని ఫొటో తీసి, యంత్రం మీద వందలూ వేలూ ఒత్తిన కాగితాలు అవి. వాటిని నకళ్లు అనడంలో తప్పు లేదు. కానీ ఇంకో రకం ప్రింటు ఉంది. అందులో చిత్రకారుడే స్వయంగా రాగిరేకు మీద గీతలు గీస్తాడు, లేదా చెక్కను చెక్కుతాడు, లేదా నున్నగా అరగదీసిన సున్నపురాతి మీద జిడ్డు చాక్‌పీసుతో బొమ్మ వేస్తాడు. దానికి సిరా పట్టించి కాగితం మీద ఒత్తుతారు. ఈ ప్రింటుకు వెనకాల ‘అసలు చిత్రం’ అంటూ వేరే ఎక్కడా ఉండదు. రేకు మీద ఉన్నవి కుడి ఎడమలు తారుమారైన గాట్లు మాత్రమే. బొమ్మ బొమ్మగా పూర్తయ్యేది కాగితం మీదే. ఈ రెండు రకాలూ ఇవాళ ఒకే తరహా ఫ్రేముల్లో, ఒకే ‘ఫైన్ ఆర్ట్ ప్రింట్’ చీటీ కింద అమ్ముడవుతున్నాయి. కొనేవాళ్లకు తేడా విడమరిచి చెప్పే నాథుడు దాదాపు లేడు.

మంక్ కాన్వాసు దగ్గరికే మళ్లీ వెళ్దాం. ‘జబ్బుపడిన పిల్ల’లో కనిపించే అమ్మాయి సోఫీ కాదు. మంక్ తండ్రి సైన్యంలో వైద్యుడు. తండ్రి వెంట ఓ రోగి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ కనిపించిన బెట్సీ నీల్సన్ అనే చిన్నపిల్లను కూర్చోబెట్టుకుని మంక్ ఈ చిత్రం వేశాడు. మంచం పక్కన తల వాల్చేసిన స్త్రీగా, తల్లి పోయాక తమను పెంచిన పిన్ని కారెన్‌ను కూర్చోబెట్టాడు. తెల్లని దిండుకు ఆనుకున్న పాలిపోయిన ముఖం, చెదిరిన ఎర్రటి జుట్టు, ఒకరి చేతిలో ఒకరివి కలిసిపోయి వేళ్లు కూడా విడిగా తెలియని చేతులు. ఆ ముఖం కోసం అతను రంగు వేశాడు, గీకేశాడు, మళ్లీ వేశాడు. కాన్వాసు మీద ఆ గీతలు ఇప్పటికీ గాట్లలా కనిపిస్తాయి. 1886లో రాజధాని క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, ‘అధ్యయనం’ అనే పేరుతో ప్రదర్శించినప్పుడు సగంలో వదిలేసిన పని అని విమర్శకులు ఎద్దేవా చేశారు. వాళ్లు వెతికింది పోలిక. అతను పెట్టింది తోబుట్టువు కళ్లముందే కరిగిపోతుంటే చూస్తూ ఉండిపోయిన పిల్లవాడి నిస్సహాయత. మన వాదనకు కీలకం ఇక్కడే ఉంది. కూర్చున్నది వేరే పిల్ల కాబట్టి మొదటి కాన్వాసు కూడా సోఫీకి ‘అసలు’ రూపం కాదు. ఆ అనుభవానికి అది మొదటి రూపం, అంతే. అలాంటప్పుడు తర్వాత వచ్చిన రూపాలు కాన్వాసుకు నకళ్లు ఎలా అవుతాయి? అవీ నేరుగా ఆ అనుభవంలోంచే పుట్టాయి.

ఎక్స్‌ప్రెషనిజం అని తర్వాత పేరుపడిన ధోరణి సారమంతా ఇదే. కంటికి కనిపించేదాన్ని కనిపించినట్టు వేయడం కన్నా, మనసుకు తగిలినదాన్ని తగిలినట్టు వేయడం ముఖ్యమని ఆ చిత్రకారులు నమ్మారు. అందుకోసం ముఖం సాగినా, రంగు మారినా, గీత వంకరపోయినా ఫరవాలేదనుకున్నారు. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ‘బ్రూకె’ అనే పేరుతో జట్టుకట్టిన కిర్‌క్‌నర్, హెకెల్ తదితర యువకులకు మంక్ దారి చూపిన పెద్దన్న. ఆ యువకులు కూడా రంగుల కుంచెతో సమానంగా చెక్క ఉలిని పట్టుకున్నారన్నది గమనించాలి. ముఖంలో భావాన్ని వెతికిన తరం మొత్తం ప్రింటు వైపు ఎందుకు నడిచిందన్న ప్రశ్నకు, ఖర్చు తక్కువ అన్న ఒక్క జవాబు సరిపోదు.

రాగిరేకు, రాయి, చెక్క ఈ కళకు ఏం ఇచ్చాయో చూస్తే సంగతి అర్థమవుతుంది. 1894లో మంక్ ‘జబ్బుపడిన పిల్ల’ను డ్రైపాయింట్ పద్ధతిలో, అంటే ఉక్కు సూదితో రాగిరేకు మీద నేరుగా గీకి, అచ్చు తీశాడు. కాన్వాసు మీద రంగును గీకిన చెయ్యే ఇక్కడ లోహాన్ని గీకింది. తేడా ఏమిటంటే అక్కడ గాట్లు రంగు మధ్యన దాక్కున్నాయి, ఇక్కడ గాట్లే బొమ్మ అయ్యాయి. 1896లో పారిస్‌లో అదే వస్తువును రాతి మీదికి తెచ్చినప్పుడు ఇంకా తెగించాడు. పిన్ని లేదు, మంచం లేదు, గది లేదు, పట్టుకున్న చేతులు లేవు. దిండు మీద తల ఒక్కటే మిగిలింది. పదేళ్ల కింద కాన్వాసు మీద వేసినదాంట్లోంచి అక్కర్లేనివన్నీ తీసేసి, చూడక తప్పని ముఖాన్ని మాత్రం ఉంచాడు. నకలు తీసేవాడు ఉన్నదాన్ని ఉన్నట్టు దించుతాడు. ఇక్కడ చిత్రకారుడు తన బొమ్మను తానే మళ్లీ చదివి, దాని గుండెను మాత్రం బయటికి తీశాడు.

ఆ రాళ్లను అచ్చు వేసింది పారిస్‌లోని ఒగుస్త్ క్లో అనే పేరున్న ముద్రాపకుడి దుకాణంలో. అక్కడ జరిగినదాన్ని మంక్ మిత్రుడు, చిత్రకారుడు పాల్ హెర్మన్ తర్వాత చెప్పాడు. తల బొమ్మ ఉన్న రాళ్లు వరసగా పేర్చి సిద్ధంగా ఉన్నాయట. మంక్ వచ్చి, వాటి ముందు నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, వేలిని గాలిలో ఆడిస్తూ బూడిద, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని రంగులు చెప్పాడట. కళ్లు తెరిచి మిత్రుణ్ణి మద్యానికి పిలిచాడట. తిరిగొచ్చాక మళ్లీ కళ్లు మూసుకుని ఈసారి పసుపు, గులాబీ, ఎరుపు అన్నాడట. ఇది విని కొందరు చిత్రకారుడి విలాసం అనుకోవచ్చు. కానీ ఆ ప్రింట్లను పక్కపక్కన పెట్టి చూస్తే జరిగిందేమిటో తెలుస్తుంది. ఎరుపు ఎక్కువైన అచ్చులో పిల్ల ముఖం జ్వరంతో కాలిపోతున్నట్టు ఉంటుంది. బూడిద, నీలం పడినదాంట్లో ఆ జ్వరం దిగిపోయి, దాంతోపాటు ప్రాణమూ దిగిపోతున్నట్టు ఉంటుంది. గీసిన గీత ఒకటే, వేదన తీరు మాత్రం మారిపోతోంది. కాన్వాసు మీద వేసే చిత్రకారుడు ఏదో ఒక రంగు దగ్గర ఆగాలి. ప్రింటు వేసేవాడు ఆగనక్కర్లేదు. దుఃఖం కూడా ఒక రంగు దగ్గర ఆగదు కదా.

చెక్క ఇంకో పాఠం చెబుతుంది. 1890ల చివర్లో మంక్ చెక్కబ్లాకును రంపంతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు సిరా పట్టించి, మళ్లీ పక్కపక్కన పేర్చి ఒక్క ఒత్తులో అచ్చు తీసే పద్ధతి పట్టాడు. ముక్కల మధ్య సన్నటి తెల్లని సందు మిగులుతుంది. దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం చేయలేదు. సముద్రం ఒడ్డున ఒకరికొకరు దూరంగా నిలబడ్డ స్త్రీ పురుషుల ప్రింటులో ఆ సందే వాళ్ల ఒంటరితనాన్ని చెబుతుంది. ‘ముద్దు’ అనే ప్రింటులో రెండు ముఖాలు ఒకే ముద్దగా కలిసిపోయి, ఎవరి ముక్కు ఎవరిదో, ఎవరి చెంప ఎవరిదో తెలియకుండా పోతాయి. వాటి మీదుగా చెక్క నారల గీతలు నిలువునా సాగుతాయి. ఆ నారను మంక్ గీయలేదు, చెట్టు గీసింది. ఆ చెక్కను ఎంచుకుని, దాని నార కనబడేలా సిరా పట్టించడం మాత్రం అతని పని. తైలవర్ణంలో దొరకని ఒక అంశం ఇక్కడ చిత్రానికి కలిసింది. అచ్చు వేయడం అంటే ఉన్నదాన్ని పలుచన చేయడం అన్న మాట ఈ ఒక్క ప్రింటు ముందు నిలబడదు.

సరిగ్గా ఇదే కాలంలో మన దేశంలోనూ రాతి మీద రంగుల అచ్చు మొదలైంది. మంక్ మొదటి ప్రింట్లు వేసిన 1894లోనే రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టారు. జర్మనీ నుంచి యంత్రాలు వచ్చాయి, సాంకేతిక నిపుణులు వచ్చారు. రవివర్మ తైలవర్ణ చిత్రాల్లోని రంగుల్ని పనివాళ్లు విడదీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి తయారుచేసి, ఓలియోగ్రాఫులు అచ్చొత్తారు. సరస్వతి, లక్ష్మి మామూలు ఇళ్ల పూజగదుల్లోకి వచ్చింది ఈ దారినే. ఆ పని గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాజుల గోడల మీద ఉండే బొమ్మను కూలివాడి గుడిసెలోకి తెచ్చిన పని అది. అయితే అక్కడ రాయి చేసిన పని కాన్వాసును నమ్మకంగా దించడం. పారిస్‌లో మంక్ రాయి చేసిన పని కాన్వాసు చెప్పలేకపోయినదాన్ని చెప్పడం. పరికరం ఒకటే, కాలం ఒకటే, చేసిన పనులు వేరు. రెంటికీ గౌరవం ఇవ్వాలి, కానీ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మనకు ప్రింటు అంటే ముందుగా పరిచయమైంది ఓలియోగ్రాఫు, క్యాలెండరు కాబట్టి అన్ని ప్రింట్లనూ అదే కంటితో చూసే అలవాటు స్థిరపడిపోయింది.

ప్రింటు నకలు కాదన్న వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. ఒక బాధను ఒకసారి చెబితే అది బాధ, వందసార్లు చెబితే అరిగిపోయిన మాట. ఒకే ముఖాన్ని వంద కాగితాల మీద ఒత్తితే దాని తీవ్రత తగ్గదా అన్నది ఆ ప్రశ్న. 1930ల్లో వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ ఆలోచనాపరుడు, యాంత్రిక పునరుత్పత్తి వల్ల కళాఖండానికి ఉండే ఏకైకత, దాని చుట్టూ ఉండే తేజస్సు క్షీణిస్తాయని వాదించాడు. ఆ మాటకు విలువ ఉంది. మంక్ వేసిన ‘కేక’ అనే చిత్రం పడిన పాట్లే దానికి సాక్ష్యం. కప్పుల మీద, టీషర్టుల మీద, ఫోన్లలో పంపుకునే బొమ్మల్లో చూసి చూసి ఆ ముఖంలోని భయం చాలామందికి నవ్వులాటగా మారిపోయింది. కానీ ఆ నష్టం చేసింది ఫొటో పునరుత్పత్తి. 1895లో మంక్ స్వయంగా రాతి మీద వేసిన ‘కేక’ను చూడండి. రక్తంలా ఎర్రబడ్డ ఆకాశం దాంట్లో లేదు. ఉన్నది నల్ల సిరా, తెల్ల కాగితం. ఆకాశంలో, నీళ్లలో సాగే గీతలన్నీ వచ్చి ఆ పుర్రెలాంటి ముఖం చుట్టూ బిగుసుకుంటాయి. రంగు పోయినా భయం తగ్గలేదు, గీతల్లోకి చేరి మరింత బిగిసింది. చిత్రకారుడి చెయ్యి పడిన ప్రతిసారీ తీవ్రత కొత్తగా పుడుతుంది. చెయ్యి తప్పుకుని యంత్రం ఒక్కటే మిగిలినప్పుడు అరగడం మొదలవుతుంది. కాబట్టి గీత గీయాల్సింది ‘ఒకటి’కీ ‘వంద’కీ మధ్య కాదు, చిత్రకారుడి పనికీ దాని ఫొటోకీ మధ్య.

పైగా కొన్ని బాధలు పది మందికి చేరడం కోసమే పుడతాయి. జర్మనీకే చెందిన కేటె కోల్విట్జ్ జీవితం చూస్తే ఇది తెలుస్తుంది. ఆమె భర్త బెర్లిన్‌లోని కార్మికవాడలో వైద్యుడు. అక్కడి పేద తల్లుల ముఖాలే ఆమె చిత్రాలకు వస్తువు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది నెలల్లోనే, 1914 అక్టోబరులో, పద్దెనిమిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ కడుపుకోతను ఎచింగులో, అంటే రేకు మీది గీతను యాసిడ్‌తో కొరికించే పద్ధతిలో చెప్పాలని చూసింది, రాతి మీద చెప్పాలని చూసింది, కుదరలేదు. చివరికి 1920ల మొదట్లో చెక్క పట్టుకుంది. ‘యుద్ధం’ పేరుతో వచ్చిన ఏడు ఉడ్‌కట్లలో ‘తల్లిదండ్రులు’ అనేది ఒకటి. మోకాళ్ల మీద కూలబడి ఒకరి మీదికి ఒకరు ఒరిగిపోయిన ఇద్దరు ముసలివాళ్లు. తండ్రి చేత్తో ముఖం కప్పుకున్నాడు, తల్లి ముఖం అసలు కనిపించదు. ముఖం చూపకుండానే ముఖాన్ని చూపిన బొమ్మ అది. కోల్విట్జ్ పనులు ఒకే కాన్వాసుగా ఒక ధనవంతుడి గదిలో ఉండిపోయి ఉంటే, చైనా రచయిత లూ షున్ చేతికి చేరేవి కావు. బిడ్డను యుద్ధానికి అర్పిస్తున్న తల్లి బొమ్మను ఆయన 1931లో పత్రికలో వేశాడు, 1936లో ఆమె ప్రింట్ల సంపుటినే ప్రచురించాడు. చైనా యువ చిత్రకారులు చెక్క ఉలి పట్టడానికి అది బలమైన ప్రేరణ అయింది. కాగితం తేలిక కాబట్టి సరిహద్దులు దాటింది. బెర్లిన్ తల్లి ఏడుపు షాంఘైలో అర్థమైంది. ఇక్కడ సంఖ్య పెరగడం వల్ల ఆ కళ పలచబడలేదు, దాని పని నెరవేరింది.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. మంక్ ప్రింట్లు వేసింది కాన్వాసులు అమ్ముడుపోక, తక్కువ ధరకు ఎక్కువ కాగితాలు అమ్ముకోవడానికేనని, దానికి ఇంత తత్వం తగిలించడం అనవసరమని కొందరు అంటారు. అతనికి డబ్బు అవసరం ఉన్న మాట నిజం, ప్రింట్లు ఆ అవసరం తీర్చిన మాటా నిజం. కానీ అమ్మకమే గమ్యమైతే కొనేవాడికి నచ్చిన ఒక రూపం దగ్గర ఆగి దాన్నే వేల సంఖ్యలో ఒత్తి ఉండేవాడు. అతను చేసింది దానికి పూర్తిగా భిన్నం. ఒకే రాతిని ఏళ్ల తరబడి మార్చాడు, రంగులు మార్చాడు, కాగితం మార్చాడు. 1944లో చనిపోయేనాటికి తన దగ్గర ఉన్నదంతా ఓస్లో నగరానికి రాసిచ్చాడు. అందులో సుమారు 1,100 తైలవర్ణ చిత్రాలుంటే, ప్రింట్లు దాదాపు 18,000. అమ్ముకోవడానికి మాత్రమే చేసినవాడు అన్నేసి ప్రింట్లను బతికినంత కాలం తన దగ్గరే అట్టిపెట్టుకోడు. ఇక కడుపు కోసం చేసిన పని కళ కాకుండా పోతుందన్న సూత్రమే తప్పు. ఆ లెక్కన ఆస్థానాల్లో బతికిన మన కవులెవరూ మిగలరు.

మూడోది పోలికను గురించి. ముఖాన్ని వేస్తున్నప్పుడు ఆ మనిషిలా ఉండొద్దా అని మామూలు పాఠకుడు అడగడం సహజం. 1896లో స్వీడన్ రచయిత స్ట్రిండ్‌బర్గ్‌ను మంక్ రాతి మీద వేశాడు. కొట్టొచ్చే పోలిక, నిటారుగా నిలబడ్డ జుట్టు, నిలదీసే చూపు. కానీ చుట్టూ అంచులో మెలికల గీతలు గీసి, వాటిలోంచి ఒక నగ్న స్త్రీ రూపం తేలేలా చేశాడు. స్త్రీల విషయంలో ఆ రచయితను పట్టి పీడించిన ఆలోచనలకు అది రూపం. పైగా పేరు రాయడంలో ఒక అక్షరం ఎగిరిపోయింది. స్ట్రిండ్‌బర్గ్ మండిపడ్డాడు. మంక్ ఆ తర్వాత అదే రాతి మీద అంచునూ అక్షరాన్నీ మార్చి మళ్లీ అచ్చు తీశాడు. కూర్చున్నవాడి కోపాన్ని కూడా తనలోకి తీసుకుని మారగలిగిన పోర్ట్రెయిట్ అది. ముక్కూ కళ్లూ కుదిరితే పోలిక వచ్చినట్టే, కానీ మనిషి రావాలంటే అతను దాచుకున్నది కూడా రావాలి. రెండోదాని కోసం మొదటిదాన్ని కొంచెం వదులుకునే హక్కు చిత్రకారుడికి ఉంది.

ఇక మన కాలపు సంగతికి వద్దాం. ఇవాళ మార్కెట్లో ‘ఫైన్ ఆర్ట్ ప్రింట్’ పేరుతో వచ్చేవాటిలో చాలా భాగం ఇంక్‌జెట్ ప్రింట్లు. పెయింటింగును మంచి కెమెరాతో తీసి, కంప్యూటరులో రంగులు సరిచూసి, దళసరి కాగితం మీద దశాబ్దాలు నిలిచే సిరాతో వేస్తారు. నాణ్యతకు వంక పెట్టలేం. వంకంతా దాని కింద మార్జిన్‌లో పెన్సిల్‌తో వేసే 12/50 లాంటి, అంటే యాభైలో పన్నెండోదని చెప్పే అంకెకే. ఆ అంకెకు ఒక చరిత్ర ఉంది. డ్రైపాయింట్ గీకినప్పుడు గీత పక్కన లేచే సన్నటి లోహపు పొర సిరాను పట్టి ఉంచుతుంది. అచ్చులో మఖమల్లాంటి నలుపు దానివల్లే వస్తుంది. ప్రెస్సు కింద నలిగే కొద్దీ ఆ పొర అణిగిపోతుంది. మొదటి పది అచ్చులకున్న నిగారింపు తర్వాతవాటికి ఉండదు. అంటే సంఖ్యకు పరిమితి పెట్టింది రాగిరేకే. ఇంక్‌జెట్‌లో మొదటిదానికీ యాభయ్యోదానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. అక్కడ అంకె చెప్పేది కొరత ఒక్కటే, ఆ కొరత కూడా కావాలని సృష్టించినదే. కొనేవాళ్లు భూతద్దం పట్టుకుని ఒక్క నిమిషం చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఎచింగ్ అయితే బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన గుర్తు ఉంటుంది, సిరా గీతలు కాగితం మీద కొద్దిగా ఉబ్బి ఉంటాయి. చెక్క అచ్చయితే చాలాసార్లు కాగితం వెనక్కి తిప్పితే ఒత్తిడి తెలుస్తుంది. ఫొటో పునరుత్పత్తి అయితే గీత అనుకున్నది సన్నని రంగు చుక్కల గుంపుగా విడిపోతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. పెద్ద చిత్రకారుడి కాన్వాసు లక్షలు పలుకుతుంది, చేత్తో తీసిన ఎచింగ్ కూడా వేలల్లో ఉంటుంది, మధ్యతరగతి ఉపాధ్యాయుడు తనకు నచ్చిన ముఖాన్ని గోడ మీద పెట్టుకోవాలంటే ఈ రెండు మూడు వేల రూపాయల పునరుత్పత్తే దిక్కు, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే పేదవాడి చేతిలోంచి బొమ్మ లాక్కున్నట్టు కాదా అని. కాదు. నేను అడుగుతున్నది చీటీ మీద నిజం రాయమని మాత్రమే. పునరుత్పత్తిని పునరుత్పత్తి అని రాసి ఎన్నయినా అమ్మండి. ఆ ఉపాధ్యాయుడి ఇంట్లో దాని విలువ ఒక్క అణా తగ్గదు, ఎందుకంటే అతను కొన్నది ఆ ముఖాన్ని రోజూ చూడగలిగే అవకాశాన్ని. నిజం రాస్తే తగ్గేది దాని మీద కొరత పేరుతో వేసిన అదనపు ధర. కంప్యూటరులోనే బొమ్మ వేసే యువ చిత్రకారులకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు ఆ ఇంక్‌జెట్ అచ్చే మొదటి రూపం, కాబట్టి అది నకలు కాదు. ఆ మాటా చీటీ మీద గర్వంగా రాసుకోవచ్చు. అబద్ధం మీద నిలబడ్డ మార్కెట్‌లో మొదట దెబ్బతినేది నెలల తరబడి రేకు గీకి, యాసిడ్‌లో ముంచి, చేత్తో సిరా తుడిచి ఇరవై కాగితాలు తీసే మనిషే. అతని ప్రింటూ, యంత్రం ప్రింటూ ఒకే ధరకు పక్కపక్కన ఉంటే అతని శ్రమ ఎవరికి కనబడుతుంది?

తెలుగువాళ్లం ఈ విషయంలో తెలియదని తప్పించుకోలేం. ప్రపంచ ప్రింటు కళ చరిత్రలో నిలిచిపోయిన పేర్లలో ఒకటి మన చిత్తూరు ప్రాంతంలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డిది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, పారిస్‌లో హేటర్ అనే చిత్రకారుడు నడిపిన ప్రింటు కార్యశాల అటెలియర్ 17లో పనిచేసి, ఒకే రేకు మీద అన్ని రంగులూ ఒకేసారి అచ్చు వేసే విస్కాసిటీ పద్ధతికి రూపం ఇచ్చినవారిలో ఆయన ముఖ్యులు. రేకును రకరకాల లోతులకు చెక్కడం, సిరాలో నూనె పాళ్లు మార్చి కొన్ని పలచగా కొన్ని చిక్కగా చేయడం, మెత్తని రోలరు లోతుల్లోకి, గట్టి రోలరు పైతట్టుకు రంగు అందించేలా చూడటం అందులోని కిటుకు. పలచని సిరా ఉన్నచోట చిక్కని సిరా అంటుకోదు, చిక్కనిది ఉన్నచోట పలచనిది ఎక్కుతుంది. ఒకే రేకులోంచి వేర్వేరు రంగుల లోకాలు తీయవచ్చు. పారిస్‌లో మంక్ కళ్లు మూసుకుని వెతికిన స్వేచ్ఛకు మన చిత్తూరు మనిషి ఒక శాస్త్రమే ఏర్పరిచారు. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో ప్రింటు కళ నేర్చుకుని, తెలంగాణ పల్లె ముఖాల్ని, ఆ ముఖాల్లోని కోరికనూ మొండితనాన్నీ సూదిమొన గీతలతో రాగిరేకుల మీదికి ఎక్కించారు. ఆయన ఎచింగును పెయింటింగుకు చౌక రూపం అనుకునేవాళ్లు ఆ గీతను ఒక్కసారైనా దగ్గరగా చూడలేదన్నమాట.

కాబట్టి చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ప్రింటు అమ్మే ప్రతి గ్యాలరీ, ప్రతి ఆన్‌లైన్ దుకాణం నాలుగు సంగతులు తెలుగులో రాసిపెట్టాలి: రేకు లేదా రాయి లేదా చెక్క మీద బొమ్మ చేసింది ఎవరు, ఏ పద్ధతిలో, ఎప్పుడు అచ్చు తీశారు, మొత్తం ఎన్ని తీశారు. కొనేవాళ్లు ఈ నాలుగూ అడగకుండా డబ్బు ఇవ్వకూడదు. పత్రికలు చిత్రప్రదర్శనల గురించి రాసేటప్పుడు ప్రింట్లను చివరి వాక్యంలో ప్రస్తావించి వదిలేసే అలవాటు మానాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ప్రింటు కళలో శిక్షణ పొంది బయటికొచ్చే యువతకు సొంతంగా ప్రెస్సు కొనే స్తోమత ఉండదు. అద్దెకు వాడుకునే ఉమ్మడి ప్రెస్సును ప్రభుత్వాలు, అకాడమీలు జిల్లా కేంద్రాల్లో పెట్టాలి. డ్రెస్డెన్ కుర్రాళ్లు చేసిన ఒక పనిని మనం నేరుగా తీసుకోవచ్చు. బ్రూకె బృందం ఏటా చందా కట్టిన సభ్యులకు తమ ప్రింట్ల సంపుటిని పంపేది. పత్రికకు చందా కట్టినట్టు ఒక చిత్రకారుల బృందానికి చందా కట్టి, ఏడాదికి నాలుగు అసలైన ప్రింట్లు ఇంటికి తెప్పించుకునే ఏర్పాటు తెలుగు నేల మీద ఎందుకు కుదరదు? ఊళ్లో గ్రంథాలయం చందాదారుగా చేరితే, కాన్వాసు ఎన్నడూ కొనలేని ఊరికి కూడా చిత్రకారుడి చేతి ముద్ర ఉన్న ముఖాలు చేరతాయి. సంపన్నుల గోడలకే పరిమితమైపోతున్న కళను జనం దగ్గరికి నిజాయితీగా తేగలిగిన దారి ఇది. ఆ దారి మనవాళ్లకు కొత్త కాదు, అందులో మనవాళ్లే ప్రపంచానికి పాఠాలు చెప్పారు. ప్రింటుకు దక్కాల్సిన స్థానం ప్రింటుకు ఇవ్వడం ఇక మన వంతు.